ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు - హార్మోను చికిత్స - దీర్ఘకాల ఆరోగ్య విషయములు

పుట్టినపుడు తమకు వ్రాయబడిన లింగము తమది కాదని నిశ్చయముగా ఎరిగినవారిని నేడు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులని వ్యవహరించుచున్నారు. పురుషునిగా నమోదై స్త్రీగా జీవించువారు ట్రాన్స్ మహిళలు; స్త్రీగా నమోదై పురుషునిగా జీవించువారు ట్రాన్స్ పురుషులు. ఈ మాటలు కొత్తవి గాని, మనుష్యులు కొత్తవారు కారు. వాత్స్యాయనుడు తృతీయా ప్రకృతి అని వీరిని ప్రత్యేకముగా పేర్కొన్నాడు. ఉర్దూలో హిజ్రా, ఖ్వాజాసరా అను పదములు తరతరములుగా ఉన్నవి. తెలుగులో మాత్రము వీరికి వాడుకలో నున్న మాటలలో అధిక భాగము తిట్లే. భాష బోధించు మాకు ఈ సంగతి కొంత సిగ్గు కలిగించునదే.

హైదరాబాదు సంస్థానములో 1329 ఫసలీలో, అనగా 1919లో, వీరి పేర్లను పోలీసు రిజిస్టరులో నమోదు చేయవలెననియు, స్త్రీవేషములో బహిరంగముగా ఆడి పాడినవారిని వారంటు లేకుండ పట్టుకొనవచ్చుననియు ఒక చట్టము చేసినారు. ఆ చట్టము రాజ్యాంగమునకు విరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టివేయు వరకు పుస్తకములలో నిలిచియే యున్నది! ఈ మధ్యలో, 2014 ఏప్రిల్ 15న సుప్రీం కోర్టు వీరిని తృతీయ లింగముగా గుర్తించినది. 2019లో పార్లమెంటు చేసిన చట్టము 15వ విభాగమున శస్త్రచికిత్సతో పాటు హార్మోను చికిత్సకును, దానికి ముందు వెనుకల సలహాకును ప్రభుత్వము ఏర్పాట్లు చేయవలెనని చెప్పినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో ఈ స్థితిని మానసిక వ్యాధుల అధ్యాయము నుండి తొలగించి లైంగిక ఆరోగ్య అధ్యాయమున చేర్చినది.

హక్కులను గూర్చి పత్రికలలో చాల వ్రాసినారు. ధర్మశాస్త్ర దృష్టితో ఉలమాలు చేసిన చర్చ వేరు. దానిలో ప్రవేశించుటకు మాకు అర్హత లేదు. మేము ఎత్తుకొన్న ప్రశ్న ఇంతకంటె చిన్నది, కాని ప్రాణముతో ముడిపడినది: ఒక వ్యక్తి ఇరువది యేండ్ల వయసున మొదలుపెట్టి అరువది యేండ్ల వరకు హార్మోనులు తీసికొన్నచో ఆ శరీరమునకు ఏమగును? మేము వైద్యులము కాము. వైద్య పరిశోధకులు ప్రకటించిన విషయములను మన విద్యార్థులకు తెలుగులో చెప్పుటయే ఇచట మా పని.

ముందుగా హార్మోను అన నేమి? 1849లో జర్మనీలోని గొట్టింగెన్ పట్టణమున బెర్తోల్డ్ అను శాస్త్రజ్ఞుడు కోడిపుంజుల ముష్కములను తీసివేసి చూచినాడు. వాటి తురాయి వాడిపోయినది, కూత మారినది, పోట్లాట మానినవి. తీసిన ముష్కమును తిరిగి కడుపులో నుంచగా, నరముల సంబంధమేమియు లేకున్నను, పుంజు మరల పుంజైనది. ఏదియో ఒక పదార్థము రక్తములో కలిసి దూరమున నున్న అంగములకు ఆజ్ఞ చేరవేయుచున్నదని దీనివలన తేలినది. అటువంటి పదార్థములకు 1905లో ఇంగ్లండులో స్టార్లింగ్ హార్మోనులని పేరు పెట్టినాడు. 1929లో ఈస్ట్రోన్‌ను, 1935లో టెస్టోస్టిరోన్‌ను శుద్ధరూపమున వేరు చేయగలిగినారు. లింగ హార్మోనులపై చేసిన కృషికి గాను బూటెనాంట్ అను వానికి 1939లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది.

టెస్టోస్టిరోన్ పురుషునిదనియు, ఈస్ట్రోజెన్ స్త్రీదనియు మనము అనుకొనుట అలవాటు. శరీరము ఈ విభజనను అంతగా పాటింపదు. ఇవి రెండును కొలెస్టరాల్ నుండి తయారగునవే. పైగా టెస్టోస్టిరోన్ నుండియే, అరోమటేజ్ అను ఎంజైము సహాయముతో, ఎస్ట్రడయోల్ పుట్టును. 1994లో అమెరికన్ వైద్యులు ఒక యువకుని వర్ణించినారు. అతనికి టెస్టోస్టిరోన్ లోపము లేదు. కాని ఈస్ట్రోజెన్ చెప్పిన మాటను వినగల గ్రాహకము జన్మతః లోపించినది. ఇరువది ఎనిమిదేండ్లు వచ్చినను అతని ఎముకల కొనలు మూసికొనలేదు, పొడవు పెరుగుచునే యున్నాడు, ఎముకలు మాత్రము గుల్లబారినవి. పురుషుని ఎముకకును ఈస్ట్రోజెన్ కావలెనని లోకమునకు స్పష్టమైనది అప్పుడే. ఈ యువకుని కథను పాఠకులు గుర్తుంచుకొనగోరుచున్నాము. ఎముకల ప్రస్తావనలో మరల అవసరమగును.

ట్రాన్స్ మహిళలకు ఎస్ట్రడయోల్‌ను మాత్రగానో, చర్మముపై పట్టీగానో, జెల్‌గానో, సూదిమందుగానో ఇచ్చి, దానితో పాటు టెస్టోస్టిరోన్‌ను అణచు మరొక మందు నిత్తురు. మూడు నుండి ఆరు నెలలలో చర్మము మెత్తబడును, వక్షోజములు మొదలగును. అవి పూర్తిగా పెరుగుటకు రెండు మూడు సంవత్సరములు పట్టును. కంఠస్వరము మారదు, గడ్డము పలుచబడునే గాని పోదు. ట్రాన్స్ పురుషులకు టెస్టోస్టిరోన్‌ను సూదిమందుగానో జెల్‌గానో ఇత్తురు. కొద్ది నెలలలో నెలసరి ఆగును, సంవత్సరము లోపల గొంతు బరువెక్కును, గడ్డము నిండుటకు నాలుగైదేండ్లు పట్టును. మందు మానిన తరువాతను గొంతు, గడ్డము, వక్షోజములు పూర్వస్థితికి రావు. ఇక సంతానోత్పత్తి శక్తి తగ్గుట తథ్యము. అది తిరిగి వచ్చునా రాదా అనుట వ్యక్తిని బట్టి, కాలమును బట్టి యుండును. కావున బిడ్డలు కావలెనను తలంపున్నవారు చికిత్సకు పూర్వమే వైద్యునితో మాటలాడవలెను. ఇంకొక మాట: టెస్టోస్టిరోన్ గర్భనిరోధకము కాదు. నెలసరి ఆగిన ట్రాన్స్ పురుషునకును గర్భము రావచ్చును. ఆ మందు పిండమునకు హాని చేయును.

దీర్ఘకాల ఫలితములను గూర్చి ప్రపంచమునకు తెలిసినదానిలో పెద్ద భాగము హాలండు దేశపు ఆమ్‌స్టర్‌డామ్ నగరము నుండి వచ్చినది. అచటి విశ్వవిద్యాలయ వైద్యశాలలో 1972 నుండి ఈ చికిత్స పొందినవారి వివరములను భద్రపరచుచు వచ్చినారు. అచట వెల్లడియైన మొదటి పెద్ద ప్రమాదము రక్తము గడ్డకట్టుట. కాలి సిరలలో గడ్డకట్టిన రక్తము తునిగి ఊపిరితిత్తులకు చేరినచో నిమిషములలో ప్రాణము పోవచ్చును. 1989లో 303 మంది ట్రాన్స్ మహిళలను గూర్చి ప్రకటించిన నివేదికలో ఇట్టి ప్రమాదము సాధారణ జనముకంటె 45 రెట్లు అధికమని తేలినది. 1997లో 816 మందిని లెక్కించగా 20 రెట్లు. ఇవి భయపెట్టు సంఖ్యలు. కాని అప్పుడు వాడిన మందు ఏది? ఇథినైల్ ఎస్ట్రడయోల్, దినమునకు 100 మైక్రోగ్రాములు.

ఈ మందు శరీరములో సహజముగా పుట్టు ఎస్ట్రడయోల్ కాదు. 1938లో జర్మనీలో షేరింగ్ సంస్థవారి ప్రయోగశాలలో దానికి ఒక చిన్న రసాయన తోక తగిలించి దీనిని తయారు చేసినారు. సహజ ఎస్ట్రడయోల్‌ను నోట మ్రింగినచో కాలేయము చాల భాగమును విచ్ఛిన్నము చేసివేయును. తోక తగిలించినదానిని అంత సులభముగా విచ్ఛిన్నము చేయలేదు. కావున మాత్రగా పనిచేయుటకు అది బహు అనుకూలమైనది. అయితే కాలేయమే రక్తమును గడ్డకట్టించు ప్రోటీనులను కూడ తయారు చేయునది. విడువక తట్టుచుండు ఈ మందు ప్రేరణకు లొంగి కాలేయము ఆ ప్రోటీనులను అధికముగా ఉత్పత్తి చేయును. 2011లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులే మరల ప్రకటించిన లెక్కలో, ఇథినైల్ ఎస్ట్రడయోల్ వాడుచున్నవారిలో గుండె, రక్తనాళ వ్యాధుల మరణములు మూడింతలుగా కనబడినవి. పూర్వము వాడి మానినవారిలో ఆ పెరుగుదల లేదు. నేడు ఈ చికిత్సకు ఆ మందును వాడరాదని వైద్య సంఘములు ఏకాభిప్రాయమునకు వచ్చినవి. సహజ ఎస్ట్రడయోల్‌తో కూడ ప్రమాదము కొంత మిగిలియే యున్నది గాని అది చాల తక్కువ. చర్మము ద్వారా ఇచ్చినపుడు మందు మొదట కాలేయమును చేరక సరాసరి రక్తములో కలియుట వలన ఇంకను తక్కువ. ముట్లుడిగిన స్త్రీలపై ఫ్రాన్సులో జరిగిన పరిశోధనలు ఈ భేదమును బాగుగా చూపినవి. అందుచేతనే వయసు మీరినవారికి, పొగ త్రాగువారికి, ఇదివరలో గడ్డకట్టిన చరిత్ర యున్నవారికి పట్టీని గాని జెల్‌ను గాని వైద్యులు ఎంచుకొందురు.

ఈ హాలండు కథ మన కెందుకని విద్యార్థులు అడుగవచ్చును. మన ఊళ్ళలో వైద్యుని చూడకుండ, గురువో స్నేహితురాలో చెప్పగా, మందుల దుకాణములో గర్భనిరోధక మాత్రలు కొని మ్రింగు ట్రాన్స్ మహిళలు ఎందరో ఉన్నారు. ఆ మాత్రలలో నున్నది ఇదే ఇథినైల్ ఎస్ట్రడయోల్. ప్రభుత్వము అందించు మాలా-డి, మాలా-ఎన్ మాత్రలలో ఒక్కొక్కదానియందు ఇది 30 మైక్రోగ్రాములు ఉండును. త్వరగా ఫలితము రావలెనని దినమునకు మూడు నాలుగు మాత్రలు మ్రింగినచో 90 నుండి 120 మైక్రోగ్రాములగును. అనగా ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రమాదకరమని తెలిసి విడిచిపెట్టిన మోతాదు ఇచట చేతికి వచ్చినట్లే! పైగా మాలా పొట్లములోని 28 మాత్రలలో చివరి ఏడు ఇనుము మాత్రలే. వాటిలో హార్మోను లేదు. అవికూడ హార్మోను అనుకొని మ్రింగువారున్నారు. ఎక్కువ మ్రింగినంత మాత్రాన వక్షోజములు త్వరగా పెరుగవు. శరీరములోని గ్రాహకములకు ఒక పరిమితి కలదు. ఆ పరిమితి నిండిన పిమ్మట మిగులునది ప్రమాదమే. దీనికి బీడీ, సిగరెట్టు తోడైనచో చెప్పనక్కరలేదు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినను, అకస్మాత్తుగా ఆయాసము, ఛాతీనొప్పి వచ్చినను తడవు చేయక పెద్దాసుపత్రికి పోవలెను. అక్కడ తాను వాడుచున్న మాత్రల సంగతి దాచక చెప్పవలెను. చెప్పినచో నవ్వుదురేమో, కసురుకొందురేమో అను భయము వారికుండుట సహజము. ఆ భయము వలన పోయిన ప్రాణములు ఏ రిజిస్టరులోను వ్రాయబడలేదు.

టెస్టోస్టిరోన్‌ను అణచుటకు వాడు మందులు కూడ ఒక్కటి కాదు. స్పైరొనొలాక్టోన్ మూలమున మూత్రము అధికమగుటయు, రక్తపోటు తగ్గుటయు, రక్తములో పొటాషియము పెరుగుటయు గలదు. మూత్రపిండముల జబ్బున్నవారికి ఇది హృదయము ఆగునంత ప్రమాదము తేవచ్చును. సైప్రొటెరోన్ అను మందును ఐరోపాలో విశేషముగా వాడినారు. అది అధిక మోతాదున సంవత్సరముల తరబడి వాడినవారిలో మెదడు పొరలపై మెనింజియోమా అను కంతి ఏర్పడు అవకాశము పెరుగునని గుర్తించి, ఐరోపా ఔషధ సంస్థ 2020లో దానిపై ఆంక్షలు విధించినది. ఆ కంతి సాధారణముగా క్యాన్సర్ కాకున్నను మెదడును ఒత్తును. ఇపుడు చాలచోట్ల దినమునకు 10 మిల్లీగ్రాముల ప్రాంతమున తక్కువ మోతాదుతోనే సరిపుచ్చుచున్నారు. పని అంతయు దానితోనే జరుగుచున్నది.

ఇక ఎముకల విషయము. ఇందులో చరిత్ర మనకు కఠినమైన పాఠము చెప్పినది. రష్యాలో స్కోప్ట్‌సీ అను మతశాఖవారు ముష్కములను ఛేదించుకొనెడివారు. చైనా, ఉస్మానియా తుర్కీ దర్బారులలో అంతఃపుర రక్షకులు బాల్యముననే ఛేదింపబడినవారు. వారందరు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులని మా భావము కాదు. చాలమందికి ఆ స్థితి బలవంతముగా వచ్చినదే. వారి శరీరములను పరీక్షించిన పాత వైద్యుల వ్రాతలను 1999లో విల్సన్, రోర్బోర్న్ అను అమెరికన్ వైద్యులిద్దరు ఒకచోట చేర్చినారు. వెన్ను వంగుట, పుర్రె ఎముకలు పలుచబడుట, పీయూష గ్రంథి పెరుగుట వారిలో కనబడినవి. కారణము స్పష్టము: ముష్కములు పోయినవి, టెస్టోస్టిరోన్ పోయినది, దానినుండి పుట్టవలసిన ఈస్ట్రోజెన్ కూడ పోయినది, వాటికి బదులు వేరేదియు లోపలికి రాలేదు. పైన చెప్పిన అమెరికన్ యువకుని ఎముకలు గుల్లబారినది ఈ కారణమునకు చుట్టమైన కారణము చేతనే.

మన హిజ్రా సమాజములో నిర్వాణమను పేరుతో ఛేదనము జరుగుచున్నది. దాని తరువాత చాలమంది ఏ హార్మోనును వాడరు. కొంతకాలము వాడి డబ్బులేక మానువారు మరికొందరు. ముష్కములున్న వ్యక్తి మందు మానినచో శరీరము తన హార్మోనును తాను తిరిగి తయారు చేసికొనవచ్చును. అవి లేని వ్యక్తి మానినచో శరీరములో రెండు హార్మోనులును అడుగంటును. ముట్లుడిగిన స్త్రీకి ఏబదియేండ్ల వయసున వచ్చు ఎముకల క్షయము ఈమెకు ముప్పదిలోనే మొదలగును. హార్మోను చికిత్స ఆరోగ్యమునకు చేటని వాదించువారు ఈ సంగతిని మరచుచున్నారు. ఇట్టివారి విషయములో చికిత్స లేకపోవుటయే చేటు.

ఈస్ట్రోజెన్ సక్రమముగా అందుచున్న ట్రాన్స్ మహిళలలో మొదటి రెండేండ్లలో ఎముకల సాంద్రత తగ్గకపోగా కొంత పెరిగినట్లు ఐరోపా పరిశోధనలు చూపినవి. అయితే చికిత్సకు ముందే చాలమంది ఎముకలు బలహీనముగా నుండుట బెల్జియము వైద్యులు గమనించినారు. ఎండకు పోక, ఆటలాడక, నలుగురిలో తిరుగుటకు వెరచి గదిలో ఒదిగి పెరిగిన బాల్యము ఎముకలో వ్రాయబడినదన్నమాట. ఏబది దాటిన ట్రాన్స్ మహిళలలో ఎముకలు విరుగుట అదే వయసు పురుషులలోకంటె హెచ్చుగను, స్త్రీలతో ఇంచుమించు సమానముగను ఉన్నట్లు ఆమ్‌స్టర్‌డామ్ లెక్కలు చెప్పుచున్నవి. ట్రాన్స్ పురుషులకు టెస్టోస్టిరోన్ క్రమముగా అందుచున్నంత కాలము ఎముకలకు సాధారణముగా ముప్పు కనబడలేదు.

టెస్టోస్టిరోన్‌తో గమనింపవలసిన ముఖ్య విషయము రక్తపు చిక్కదనము. ఈ హార్మోను ఎర్ర రక్తకణముల ఉత్పత్తిని ప్రోత్సహించును. రక్తములో కణముల భాగమును హెమటోక్రిట్ అందురు. అది నూటికి 54 దాటినచో వైద్యులు మోతాదు తగ్గించుటయో, సూదిమందు నుండి జెల్‌కు మార్చుటయో చేయుదురు. ఈ పెరుగుదల మొదటి సంవత్సరములో ఎక్కువ. పొగత్రాగుట, స్థూలకాయము దీనిని పెంచును. మంచి కొలెస్టరాల్ తగ్గి చెడ్డది కొంత హెచ్చును. మొటిమలు, బట్టతల సరేసరి. గుండెపోటు విషయమున ట్రాన్స్ పురుషులలో నిశ్చయముగా పెద్ద హాని జరిగినట్లు ఇప్పటి పరిశోధనలలో తేలలేదు గాని, వారిలో వృద్ధాప్యము వరకు గమనింపబడినవారు కొద్దిమందియే యగుటచేత వైద్యులు జాగ్రత్తగా మాటలాడుచున్నారు. ట్రాన్స్ మహిళలలో మాత్రము పక్షవాతము, సిరలలో గడ్డకట్టుట అధికముగా నున్నట్లు హాలండులోను, అమెరికాలోను జరిగిన పెద్ద లెక్కలు రెండును చూపినవి.

క్యాన్సర్ భయము అందరినీ పట్టి పీడించునది గనుక దానిని గూర్చి తెలిసిన సంఖ్యలే చెప్పెదము. 2019లో ప్రకటించిన ఆమ్‌స్టర్‌డామ్ పరిశీలనలో 2260 మంది ట్రాన్స్ మహిళలలో వక్షోజ క్యాన్సర్ 15 మందికి వచ్చినది. ఇది సాధారణ పురుషులలోకంటె 46 రెట్లు. సాధారణ స్త్రీలతో పోల్చినచో మూడవ వంతు కంటె తక్కువ. పత్రికలు మొదటి సంఖ్యనే పెద్ద అక్షరములతో వేసినవి! అదే పరిశీలనలో 1229 మంది ట్రాన్స్ పురుషులలో నలుగురికి వచ్చినది. దీని తాత్పర్యము: అంగమున్నంతవరకు దాని పరీక్ష తప్పదు. ట్రాన్స్ మహిళకు పౌరుష గ్రంథి శస్త్రచికిత్స తరువాతను లోపల నుండును. ఈస్ట్రోజెన్ దానిని కుదించునే గాని మాయము చేయదు. రక్తములో దానిని కొలుచు పి.ఎస్.ఎ. అను పరీక్షలో సంఖ్య తక్కువగా వచ్చునని వైద్యుడు ఎరిగి యుండవలెను. ట్రాన్స్ పురుషునకు గర్భాశయము తీయనంతవరకు గర్భాశయ ముఖద్వార పరీక్ష అవసరమే. గడ్డము పెరిగిన వ్యక్తి స్త్రీల విభాగము ముందు చీటీ పట్టుకొని నిలువవలసి వచ్చుటయే అతడు ఆ పరీక్షకు రాకపోవుటకు కారణమని చెప్పుట కష్టమేమి?

2021లో ఆమ్‌స్టర్‌డామ్ వారు 1972 నుండి 2018 వరకు చికిత్స పొందిన 4568 మంది మరణములను లెక్కించి ప్రకటించినారు. ట్రాన్స్ మహిళల మరణముల రేటు సాధారణ పురుషులకంటె 1.8 రెట్లు, సాధారణ స్త్రీలకంటె 2.8 రెట్లు, ట్రాన్స్ పురుషులది సాధారణ స్త్రీలకంటె 1.8 రెట్లు. ఐదు దశాబ్దములలో ఈ అంతరము తగ్గలేదు. ఇది చదివినవారు హార్మోనే చంపుచున్నదని వెంటనే నిర్ణయించు ప్రమాదము కలదు. ట్రాన్స్ మహిళల మరణ కారణములలో హెచ్చుగా కనబడినవి హృదయ రోగములు, ఊపిరితిత్తుల క్యాన్సర్, హెచ్.ఐ.వి., ఆత్మహత్య. ఊపిరితిత్తుల క్యాన్సర్ వెనుక పొగాకున్నది. మిగిలిన వాటిలో చాలవరకు వెనుక సమాజమున్నది. ట్రాన్స్ పురుషులలో ముఖ్యముగా అసహజ మరణములు. మరణ కారణములను విడివిడిగా చూచినను హార్మోను చికిత్సయే ప్రత్యేకముగా కారణమైనట్లు తమకు కనబడలేదని పరిశోధకులు వ్రాసినారు. హృదయ రోగముల విషయమున మాత్రము శ్రద్ధ విడువరాదని మా అభిప్రాయము.

చికిత్స వలన కలుగు మేలును కూడ త్రాసులో వేయవలెను. చికిత్స మొదలైన పిదప మనోవ్యాకులత తగ్గి జీవితమందు ఇష్టము పెరిగినట్లు పలు పరిశీలనలు తెలుపుచున్నవి. ప్రమాదము లేని మందు లేదు. చక్కెర వ్యాధికి, రక్తపోటుకు నలువదేండ్లు మందు మ్రింగువారిని ఎవరును ఎందుకని అడుగరు. వారికి మూడు నెలల కొకసారి రక్త పరీక్ష చేయించుమని మాత్రమే చెప్పుదుము. ఇచటను అంతే. అంతర్జాతీయ వైద్య సంఘములు చెప్పిన పద్ధతి ప్రకారము మొదటి సంవత్సరము మూడు నెలల కొకసారి, తరువాత ఏటికి ఒకటి రెండు పర్యాయములు పరీక్షలు చేయింపవలెను. ట్రాన్స్ మహిళకు ఎస్ట్రడయోల్ మిల్లీలీటరుకు 100 నుండి 200 పికోగ్రాముల మధ్యను, టెస్టోస్టిరోన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపలను ఉంచుదురు. ట్రాన్స్ పురుషునకు టెస్టోస్టిరోన్ 400 నుండి 700 వరకు. రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ అందరివలెనే. మన ప్రాంతములో క్షయ చికిత్స పొందువారు అధికము గనుక ఒక మాట చేర్చుచున్నాము: రిఫాంపిసిన్ వాడునపుడు కాలేయము ఈస్ట్రోజెన్‌ను త్వరగా విచ్ఛిన్నము చేయును; మాత్ర పనిచేయుట లేదని తమంతట తాము మోతాదు పెంచరాదు. రంజాను మాసములో రోజా ఉండువారు మాత్రలను సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చుకొనవచ్చును. టెస్టోస్టిరోన్ వాడువారు హెమటోక్రిట్ పరీక్షను పగలు దాహముతో నున్నపుడు చేయించినచో సంఖ్య హెచ్చుగా వచ్చును. ఆ సంగతి ల్యాబులో చెప్పుట మంచిది.

హైదరాబాదులో నారాయణగూడయందు 2021 జనవరిలో మిత్ర్ అను పేర ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కొరకు ప్రత్యేక వైద్యశాల తెరచినారు. హార్మోను సలహా, రక్త పరీక్షలు, మనోవైద్యము ఒకచోట దొరకు ఏర్పాటు మన దేశములో అంతకు ముందు లేదు. అమెరికా ప్రభుత్వ సహాయముతో నడచినది గావున ఆ సహాయము ఆగినపుడు, 2025 జనవరిలో, తలుపులు మూసినారు. కొన్ని నెలల తరువాత వేరొక ధర్మసంస్థ సహాయముతో సబ్‌రంగ్ అను పేర మరల తెరచినారు. ఆ మధ్య నెలలలో నిర్వాణమైన స్త్రీలు తమ ఈస్ట్రోజెన్ ఎక్కడ కొన్నారో, ఏ మాత్ర కొన్నారో ఊహించుకొనవచ్చును. ఎస్ట్రడయోల్ మాత్ర బంగారము ధర కాదు. జిల్లా ఆసుపత్రిలో ఎండోక్రినాలజిస్టు లేకున్నను సాధారణ వైద్యుడు నేర్చుకొని ఇవ్వదగిన చికిత్సయే ఇది.

మన కళాశాల విద్యార్థులలో ప్రతి సంవత్సరము కొందరు ల్యాబు టెక్నీషియను కోర్సులకు, ఫార్మసీకి, నర్సింగుకు పోవుచున్నారు. వారు రేపు బల్లకు ఆవల కూర్చున్నపుడు ఎదురగు చిక్కు ఒకటి చెప్పెదము. హెమోగ్లోబిన్ పురుషునకు 13 గ్రాములకు, స్త్రీకి 12 గ్రాములకు తగ్గినచో రక్తహీనతగా లెక్కింతురు. టెస్టోస్టిరోన్ వాడు వ్యక్తి ఫారములో స్త్రీ అని యున్నచో అతని మామూలు సంఖ్య కూడ హెచ్చుగా ముద్రింపబడును. ఈస్ట్రోజెన్ వాడు వ్యక్తి ఫారములో పురుషుడని యున్నచో 12.5 గ్రాములున్నను రక్తహీనత అని ఇనుము మాత్రలు వ్రాయుదురు. మూత్రపిండముల పనిని లెక్కించు సూత్రములోను ఇదే చిక్కు. ఏ హార్మోను, ఎన్ని సంవత్సరములుగా అని అడిగి ఫారము మీద ప్రక్కగా పెన్నుతో వ్రాసినచో చాలును. మేము చూచిన ఫారములలో ఆ గడి ముద్రింపబడి లేదు.